ఎమర్జెన్సీ కొడితే ఏం ఆగాలి, ఏం ఆగకూడదు

బాలానగర్‌లో ఒక షెడ్డు. పాత వీఎంసీకి (నిలువు స్పిండిల్‌తో లోహాన్ని కోసే కంప్యూటర్ మెషిన్) కంట్రోలర్, డ్రైవులు (మోటార్లను నడిపే ఎలక్ట్రానిక్ డబ్బాలు) చచ్చిపోతే కొత్తవి వేయించి మళ్లీ నడిపిస్తున్నారు. ఆపరేటర్ కుర్రాడు టూల్ ఆఫ్‌సెట్ తీస్తుండగా టేబుల్ కదలిక ఏదో తేడాగా అనిపించి ఎమర్జెన్సీ కొట్టాడు. టేబుల్ ఆగింది. హెడ్డు (టూలును పట్టుకుని పైకీ కిందికీ కదిలే భాగం) మాత్రం ఆగలేదు. జాబ్‌కి, అంటే కోస్తున్న ముక్కకి, రెండు మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్న కార్బైడ్ ఎండ్ మిల్లు (కోసే టూలు) కిందికి జారి, జాబ్‌కి తగిలి టప్పున విరిగింది. చెయ్యి ఆ దగ్గర్లో లేదు కాబట్టి సరిపోయింది.

"ఎమర్జెన్సీ కొడితే ఆగాలె గానీ, పడిపోవుడేందన్నా?" అన్నాడు ఓనర్.

ప్యానెల్ తెరిచి చూస్తే అంతా కళ్లముందే ఉంది. బటన్‌కి ఉన్న ఒకే ఒక్క ఎన్‌సీ కాంటాక్టు (మామూలుగా మూసి ఉండి, నొక్కితే తెరుచుకునేది) ఒక పెద్ద కాంటాక్టర్ (కాయిల్‌లో కరెంటు ఉన్నంతసేపే సప్లైని కలిపి ఉంచే స్విచ్చు) కాయిల్‌కి సిరీస్‌లో ఉంది. ఆ కాంటాక్టర్ పడితే, అంటే తెరుచుకుంటే, డ్రైవుల మెయిన్ సప్లై, కంట్రోల్ సప్లై, బ్రేకు రెక్టిఫయర్‌కి (ఏసీని డీసీగా మార్చేదానికి) వెళ్లే ఏసీ అన్నీ ఒక్కసారే పోతాయి. వైరింగ్ చేసినాయన లెక్క సూటిగానే ఉంది: కరెంటు లేకపోతే మెషిన్ కదలదు కదా! ఇండక్షన్ మోటారు, బెల్టు, క్లచ్చు ఉన్న పాత లేత్‌కి ఆ లెక్క చాలావరకు సరిపోయేది. సర్వో మెషిన్‌కి, అంటే డ్రైవులు ఆడించే మోటార్లున్న ఇలాంటి మెషిన్‌కి, సరిపోదు.

ఎందుకంటే సర్వో మెషిన్‌లో కదలికకు బలం మూడు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, బయటి నుంచి వచ్చే మూడు ఫేజుల సప్లై. రెండు, డ్రైవ్ లోపల డీసీ బస్ కెపాసిటర్లలో నిల్వ ఉన్న కరెంటు. మూడు, జాబ్‌ని పట్టుకుని తిరుగుతున్న చక్కు, పరుగెత్తుతున్న టేబుల్, పైన వేలాడుతున్న హెడ్డు, అంటే బరువు. కాంటాక్టర్ తీసేసేది మొదటిదాన్ని మాత్రమే. రెండోది ఇంకాసేపు ఉంటుంది. మూడోదాన్ని ఆపాలంటే కరెంటు తీసేయడం కాదు, ఒక్కోసారి కరెంటే కావాలి.

యంత్రాల విద్యుత్ భద్రతకు దేశదేశాల్లో ఆధారంగా తీసుకునే ఐఈసీ 60204-1 ప్రమాణం ఆపడాన్ని మూడు కేటగిరీలుగా చెబుతుంది. ఆర్టీసీ బస్సుతో పోల్చుకుంటే తేలిక. నడుస్తున్న బస్సులో ఇంజన్ ఆపేసి, గేరు న్యూట్రల్‌లో పడేసి, అది ఎక్కడ ఆగితే అక్కడ ఆగనీ అని వదిలేయడం కేటగిరీ 0. బ్రేకు తొక్కి బస్సును నిలబెట్టి, ఆ తర్వాత ఇంజన్ ఆపడం కేటగిరీ 1. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆడుతుండగానే నిలబెట్టడం కేటగిరీ 2. ఎమర్జెన్సీకి 0 గానీ 1 గానీ వాడాలి, 2 పనికిరాదు. ఏ మెషిన్‌కి ఏది అన్నది అక్కడి ప్రమాదాన్ని అంచనా వేసుకుని తేల్చుకోవాలి. ఒకే మెషిన్‌లో ఒక యాక్సిస్‌కి (టేబుల్, హెడ్డు కదిలే ఒక్కో దిశకి) 0, స్పిండిల్‌కి (టూలునో జాబ్‌నో తిప్పే భాగానికి) 1 కూడా ఉండొచ్చు.

అంకెల్లో చూద్దాం. రాపిడ్‌లో (కోయకుండా పూర్తి వేగంతో కదిలేటప్పుడు) నిమిషానికి 30 మీటర్లు పోయే టేబుల్ అంటే సెకనుకి అర మీటరు. డ్రైవ్ దాన్ని సెకనుకి 5 మీటర్ల చొప్పున వేగం తగ్గిస్తూ ఆపితే 25 మిల్లీమీటర్లలో, పదో వంతు సెకనులో ఆగుతుంది. అదే డ్రైవ్ చేతులెత్తేసి, రాపిడి వల్ల మాత్రమే సెకనుకి ఒక మీటరు చొప్పున వేగం తగ్గుతోందనుకుంటే 125 మిల్లీమీటర్లు పోతుంది. "వెంటనే కరెంటు తీసేశాం" అని మనం సంబరపడిన పద్ధతిలో టేబుల్ ఐదు రెట్ల దూరం పోయింది.

స్పిండిల్ సంగతి ఇంకా ఘోరం. 0.15 కిలోగ్రాము చదరపు మీటర్ల జడత్వం ఉన్న చక్కూ స్పిండిలూ 4,000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే దాంట్లో సుమారు 13 వేల జూళ్ల శక్తి ఉంటుంది. 1,300 కిలోల కారును మీటరు ఎత్తు లేపడానికి కావలసినంత! దాన్ని బేరింగుల రాపిడికి వదిలేస్తే నిమిషాల తరబడి తిరుగుతుంది. ఆ లోపల డోరు తెరిచి చెయ్యి పెట్టేవాడు "ఎమర్జెన్సీ కొట్టాను కదా" అనే అనుకుంటాడు.

ముందు బటన్ దగ్గర మొదలుపెడదాం

ఎమర్జెన్సీ బటన్ ఎలా ఉండాలో ఐఎస్‌ఓ 13850 చెబుతుంది. పసుపు నేపథ్యం మీద ఎర్రటి పుట్టగొడుగు తల. నొక్కితే అక్కడే పట్టుకుని ఉండాలి. వదిలించడానికి తిప్పాలి, లాగాలి, లేదా తాళం వాడాలి. వదిలించినంత మాత్రాన మెషిన్ మొదలవకూడదు. లోపలి కాంటాక్టు ఎన్‌సీ అయి ఉండాలి, అదీ నేరుగా తెరుచుకునే రకం. అంటే కాంటాక్టు అతుక్కుపోయినా స్ప్రింగు దయ మీద ఆధారపడకుండా మన చేతి బలమే దాన్ని విడదీయాలి. పాత సామాన్ల కొట్లో దొరికే అన్ని ఎర్ర బటన్లూ ఇలాంటివి కావు. ప్యాకెట్ మీద వృత్తంలో బాణం గుర్తు ఉందో లేదో చూడాలి.

ఎన్‌సీనే ఎందుకంటే, వైరు తెగినా, స్క్రూ వదులైనా మెషిన్ ఆగే వైపే పోతుంది. ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండేది) పెడితే వైరు తెగిందని తెలిసేది బటన్ అవసరమైన రోజునే.

అయితే ఎన్‌సీలోనూ ఒక మోసం ఉంది. బటన్ తల ప్యానెల్ బయట, కాంటాక్టు బ్లాకు లోపల. రెండింటినీ కలిపేది ఒక ప్లాస్టిక్ క్లిప్పు. కంపనానికో, ఎవరో పెండెంట్‌ని (చేత్తో పట్టుకునే బటన్ల పెట్టెని) కింద పడేయడం వల్లో ఆ క్లిప్పు వదిలితే బ్లాకు వెనక్కి జరిగి వేలాడుతుంది. కాంటాక్టు మాత్రం మూసుకునే ఉంటుంది. బటన్ హాయిగా లోపలికి పోతుంది, క్లిక్కుమంటుంది, పట్టుకుంటుంది. మెషిన్ నడుస్తూనే ఉంటుంది. ఒక పెండెంట్‌లో ఇది నేను కళ్లారా చూశాను. ఎన్నాళ్లుగా అలా ఉందో ఆ ఆపరేటర్‌కే తెలియదు, ఎందుకంటే ఎవరూ నొక్కి చూడలేదు. బ్లాకు ఊడిపోతే తనే తెరుచుకునే రకం కాంటాక్టు బ్లాకులు మంచి కంపెనీల దగ్గర దొరుకుతాయి. వాటికి పెట్టే ఖర్చు గురించి బేరమాడటం నాకు నచ్చదు.

రెండు దారులు, ఒక కాపలాదారు

ఒక్క కాంటాక్టు మీద ప్రాణం పెట్టకూడదు కాబట్టి బటన్‌లో రెండు ఎన్‌సీ కాంటాక్టులు పెట్టి, రెండు వేర్వేరు జతల వైర్లతో సేఫ్టీ రిలేకి తెస్తాం. చాలా రిలేల మీద అవి ఎస్11-ఎస్12, ఎస్21-ఎస్22 అని ఉంటాయి. సప్లై ఏ1, ఏ2. బయటికి వెళ్లే కాంటాక్టులు 13-14, 23-24, 33-34. పక్కన 41-42 అని ఒక ఎన్‌సీ. అది ల్యాంపుకో కంట్రోలర్‌కి చెప్పడానికో మాత్రమే, ఆపే పనికి వాడకూడదు.

ఈ డబ్బా లోపల ఏముందో తెలిస్తే దాని ధర ఎందుకంతో అర్థమవుతుంది. జర్మనీలోని పిల్జ్ కంపెనీ 1987లో పీఎన్‌ఓజెడ్ పేరుతో ఈ తరహా రిలే తెచ్చింది. అందుకే ఏ కంపెనీది పెట్టినా "పిల్జ్ రిలే" అనేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. మూల సూత్రం అప్పటి నుంచి ఒకటే. లోపల రెండు రిలేలు. ఒక్కో దారి ఒక్కో రిలేని పట్టి ఉంచుతుంది. బయటికి వెళ్లే ప్రతి కాంటాక్టులోనూ ఈ రెండు రిలేల కాంటాక్టులు సిరీస్‌లో ఉంటాయి. ఒకటి అతుక్కుపోయినా రెండోది తెరుస్తుంది.

మరి ఒకటి అతుక్కుపోయిందని తెలిసేదెలా? ఇక్కడే అసలు తెలివి ఉంది. ఈ రిలేల్లో ఎన్‌ఓ, ఎన్‌సీ కాంటాక్టులన్నీ ఒకే దండానికి బిగించినట్టు కలిసి కదులుతాయి. ఎన్‌ఓ అతుక్కుపోతే ఎన్‌సీ మూసుకోలేదు, కనీసం అర మిల్లీమీటరు సందు మిగిలే ఉంటుంది. ఆ ఎన్‌సీల గుండా పోతేనే రీసెట్ అవుతుంది. కాబట్టి ఒక రిలే చెడితే ఈసారి మెషిన్ ఆగుతుంది, తర్వాతిసారి రీసెట్ కాదు. మామూలు ఐస్‌క్యూబ్ రిలేలు రెండు పెట్టి "నేనూ రెండు దారులు పెట్టాను" అంటే కుదరదు. వాటిలో ఒకటి ఎప్పుడు అతుక్కుపోయిందో ఎవరికీ తెలియదు. రెండోది కూడా అతుక్కున్న రోజే తెలుస్తుంది. రెండు దారులు ఉండటం కన్నా, ఒకటి పోయిందని అరిచే కాపలాదారు ఉండటం ముఖ్యం.

రెండు దారుల వైర్లు బయట ఎక్కడో నలిగి ఒకదానికొకటి తగిలినా చాలా రిలేలు పసిగడతాయి. ఒక దారికి ప్లస్, రెండో దారికి మైనస్ వైపు నుంచి ఇస్తారు. రెండూ కలిస్తే షార్టయి లోపలి ఎలక్ట్రానిక్ ఫ్యూజు కొట్టేస్తుంది. నాలుగు టెర్మినళ్లకూ ఒకే ప్లస్ కలిపేసి "పనిచేస్తోంది కదా" అంటే ఈ గుణం పోయినట్టే. బటన్లు మూడు నాలుగు ఉంటే, ఒక్కోదాని మొదటి కాంటాక్టులన్నీ ఒక సిరీస్, రెండో కాంటాక్టులన్నీ ఇంకో సిరీస్. ఎమర్జెన్సీ బటన్లకు ఇది చెల్లుతుంది. డోరు స్విచ్చులను అలా గొలుసు కట్టడం మాత్రం మంచిది కాదు. ఒక డోరు స్విచ్చులో తప్పు ఉండగా ఇంకో డోరు తెరిచి మూస్తే రిలే ఆ తప్పును మరచిపోయి రీసెట్ అయిపోతుంది. రోజూ వందసార్లు తెరిచే డోర్ల దగ్గర అది జరగడానికి ఎంతోసేపు పట్టదు.

ఇక డ్రైవ్ దగ్గరికి

రిలే కాంటాక్టు తెరుచుకుంది. ఇప్పుడది దేన్ని ఆపాలి? ఎస్‌టీఓ ఉన్న డ్రైవ్ ఒక రకం, లేనిది ఇంకో రకం.

ఎస్‌టీఓ అంటే సేఫ్ టార్క్ ఆఫ్. ఐఈసీ 61800-5-2 ప్రమాణం దీన్ని నిర్వచిస్తుంది. డ్రైవ్ చివరి దశలో ఆరు ఐజీబీటీలు, అంటే ఎలక్ట్రానిక్ స్విచ్చులు, ఉంటాయి. అవి ఒక వరుసలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటేనే మోటారులో తిరిగే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఎస్‌టీఓ ఇన్‌పుట్లలో 24 వోల్టులు పోతే ఆ ఐజీబీటీల గేట్లకు పల్సులు వెళ్లకుండా హార్డ్‌వేర్‌లోనే అడ్డుకుంటుంది. ప్రాసెసర్ పిచ్చెక్కి ఎంత అరిచినా గేటు దాకా రాదు. ఒక ఐజీబీటీ షార్టయినా మోటారు తిరగదు, ఎందుకంటే వరుస లేదు. దురదృష్టం కొద్దీ రెండు ఒకేసారి షార్టయితే శాశ్వత అయస్కాంత మోటారు ఒక్క కుదుపు కుదిపి ఆగుతుంది. నాలుగు పోల్ జతల మోటారుకి ఆ కుదుపు ఎక్కువలో ఎక్కువ 45 డిగ్రీలు. ఒక చుట్టుకి యాక్సిస్‌ని 10 మిల్లీమీటర్లు జరిపే బాల్ స్క్రూ మీద అది ఒకటింపావు మిల్లీమీటరు. దాన్ని కూడా లెక్కలో పెట్టుకునే ప్రమాణాలు రాశారు.

మిత్సుబిషి ఎంఆర్-జే4 డ్రైవ్‌లో ఎస్‌టీఓ కనెక్టర్ సీఎన్8. యాస్కావా సిగ్మా-7లో కూడా సీఎన్8నే, కానీ వాళ్లు దాన్ని హార్డ్ వైర్ బేస్ బ్లాక్ అంటారు. పేరు వేరు, పని అదే. రిలే 13-14 ఒక ఇన్‌పుట్‌కి, 23-24 రెండో ఇన్‌పుట్‌కి. మూడు డ్రైవులుంటే మొదటి ఇన్‌పుట్లన్నీ కలిపి ఒక కాంటాక్టుకి, రెండోవన్నీ కలిపి ఇంకో కాంటాక్టుకి. రెండు ఇన్‌పుట్లనూ జంపర్ చేసి ఒకే వైరుతో ఇస్తే రెండు దారుల రిలే కొన్న డబ్బు వృథా.

ఈ డ్రైవులతో పాటు పెట్టెలో ఒక చిన్న ప్లగ్గు వస్తుంది. ఎస్‌టీఓ వాడని వాళ్లకోసం అది ఇన్‌పుట్లను లోపలే షార్ట్ చేస్తుంది. రెట్రోఫిట్లలో (పాత మెషిన్లకు కొత్త కంట్రోలర్, డ్రైవులు వేసే పనుల్లో) నేను ముందు వెతికేది దాన్నే. "డ్రైవులో ఎస్‌టీఓ ఉంది సార్" అంటారు. చూస్తే ఆ ప్లగ్గు కంపెనీ నుంచి వచ్చినట్టే దానికి గుచ్చి ఉంటుంది.

ఇంకో మాట. ఎస్‌టీఓ టార్కు తీస్తుంది, కరెంటు తీయదు. మోటారు టెర్మినళ్ల దాకా ప్రమాదకరమైన వోల్టేజీ ఉంటుంది. సర్వీసుకి చెయ్యి పెట్టాలంటే మెయిన్ ఐసొలేటర్ ఆపి, తాళం వేసి, డ్రైవ్ మీద ఛార్జ్ లైటు ఆరేదాకా, ఆ తర్వాత మాన్యువల్‌లో చెప్పినన్ని నిమిషాలు ఆగి, మీటరు పెట్టి చూసుకున్నాకే. ఎమర్జెన్సీ కొట్టి ఫ్యాన్ బెల్టు మార్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఎస్‌టీఓ లేని పాత డ్రైవులు, చవక డ్రైవులు ఉంటే కాంటాక్టర్లే దిక్కు. అవి రెండు, సిరీస్‌లో, కలిసి కదిలే సహాయ కాంటాక్టులు ఉన్నవి. ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న. డ్రైవ్‌కీ మోటారుకీ మధ్య పెట్టి, నడుస్తుండగా తెరిస్తే కాంటాక్టుల మధ్య ఆర్కు లేస్తుంది, ఐజీబీటీలకు దెబ్బ తగలొచ్చు. డ్రైవ్ ముందు, మెయిన్ సప్లై ఎల్1, ఎల్2, ఎల్3 మీద పెట్టాలి. కంట్రోల్ సప్లై ఎల్1సీ, ఎల్2సీలను ముట్టుకోకూడదు. అది ఉంటేనే డ్రైవ్‌కి తెలివి ఉంటుంది: ఎన్‌కోడర్ (మోటారు ఏ స్థానంలో ఉందో చెప్పేది) చదువుతుంది, అలారం చూపిస్తుంది, డైనమిక్ బ్రేకు వేస్తుంది (మోటారు తీగలను షార్ట్ చేసి ఆపుతుంది). బాలానగర్ మెషిన్‌లో దాన్నీ కలిపి తీసేయడం వల్లే ఎమర్జెన్సీ తర్వాత ప్రతిసారీ హోమింగ్ (యాక్సిస్‌లను మొదటి స్థానానికి తెచ్చి సరిచూడటం) చేయాల్సి వచ్చేది. ఆ విసుగుతో ఆపరేటర్లు ఎమర్జెన్సీ కొట్టడానికే వెనకాడేవాళ్లు.

దీనికి తలకిందులు అలవాటు కూడా ఉంది. టీకి పోయేముందు ఎమర్జెన్సీ కొట్టి పోవడం. ఎస్‌టీఓ అయితే పర్వాలేదు. కాంటాక్టర్ అయితే ప్రతిసారీ కెపాసిటర్లు ఖాళీ అయి మళ్లీ నిండాలి, లోపలి ఇన్‌రష్ రెసిస్టర్ (మొదట ఎగబడే కరెంటును అదుపు చేసేది) వేడెక్కి కొన్నాళ్లకు కాలుతుంది. అప్పుడు "డ్రైవ్ క్వాలిటీ బాలేదు" అంటారు.

ఆగాక తీయడం

కేటగిరీ 1 కావాలంటే సమయం చూసి తెరుచుకునే కాంటాక్టులున్న సేఫ్టీ రిలే వాడతాం. అందులో రెండు రకాల కాంటాక్టులు ఉంటాయి. వెంటనే తెరుచుకునేవి, పెట్టిన టైము తర్వాత తెరుచుకునేవి. వెంటనే తెరుచుకునేవాటిని కంట్రోలర్ ఎమర్జెన్సీ ఇన్‌పుట్‌కీ, డ్రైవ్‌లోని క్విక్ స్టాప్ ఇన్‌పుట్‌కీ ఇస్తాం. డ్రైవ్ తన పూర్తి బలంతో, బ్రేకింగ్ రెసిస్టర్ (ఆపేటప్పుడు వచ్చే శక్తిని వేడిగా పోగొట్టేది) సాయంతో మోటారును ఆపుతుంది. ఆలస్యంగా తెరుచుకునేవి ఎస్‌టీఓకి వెళ్తాయి. డ్రైవ్ మాట విన్నా వినకపోయినా ఆ టైము అయ్యేసరికి టార్కు పోతుంది. ప్రమాణాల భాషలో దీని పేరు ఎస్‌ఎస్1 (సేఫ్ స్టాప్ 1).

ఆ టైము ఎంత పెట్టాలి? చాలామంది గుండ్రంగా ఏదో ఒకటి పెట్టేస్తారు. తక్కువ పెడితే స్పిండిల్ సగం వేగంలో ఉండగా టార్కు పోయి, మిగతాది జారుడు. ఎక్కువ పెడితే, డ్రైవ్ క్విక్ స్టాప్ ఆదేశం వినని రోజున మోటారు అన్ని సెకన్లూ పూర్తి బలంతో తిరుగుతుంది. అత్యంత బరువైన చక్కు, అత్యధిక వేగం పెట్టి ఆగే సమయం కొలిచి, దానికి కొంచెం కలపాలి. యాక్సిస్‌లు పదో వంతు సెకనులో ఆగి, స్పిండిల్‌కి మూడు సెకన్లు పడితే రెండింటికీ ఒకే టైము పెట్టడం సోమరితనం. వేర్వేరు టైములు ఇవ్వాలి.

హెడ్డు కథ

ఇప్పుడు జెడ్ దగ్గరికి, అంటే హెడ్డు పైకీ కిందికీ కదిలే యాక్సిస్ దగ్గరికి. బాల్ స్క్రూ తనంతట తాను పట్టుకోదు. బరువు పెడితే తిరుగుతుంది. హెడ్డును పైన నిలబెట్టేది నడుస్తున్నంతసేపూ సర్వో టార్కే, ఆగాక మోటారు వెనక ఉండే బ్రేకు. ఈ బ్రేకు స్ప్రింగుతో పడుతుంది, 24 వోల్టులతో వదులుతుంది. కరెంటు పోతే పడుతుంది, అంతవరకు బాగానే ఉంది. కానీ పడటానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు తీసుకుంటుంది. టార్కు పోవడం మాత్రం అంతకన్నా చాలా ముందే జరుగుతుంది. ఆ సందులో హెడ్డును పట్టుకునేవాళ్లు లేరు.

స్వేచ్ఛగా పడే వస్తువు 50 మిల్లీసెకన్లలో 12 మిల్లీమీటర్లు, 100 మిల్లీసెకన్లలో 49 మిల్లీమీటర్లు పడుతుంది. హెడ్డు అంత పడదు, దానితో పాటు స్క్రూ, మోటారు రోటరు కూడా తిరగాలి కాబట్టి నెమ్మదిస్తుంది, రాపిడి కూడా ఉంది. అయినా కార్బైడ్ టూలు విరగడానికి రెండు మిల్లీమీటర్లు చాలు.

బాలానగర్ మెషిన్‌లో దీనికి తోడు ఇంకో తప్పు ఉంది. బ్రేకు కాయిల్‌ని డీసీ వైపు కాకుండా రెక్టిఫయర్ ముందు ఏసీ వైపు ఆపుతున్నారు. అప్పుడు కాయిల్‌లోని కరెంటు రెక్టిఫయర్ డయోడ్ల గుండానే గుండ్రంగా తిరుగుతూ మెల్లగా చస్తుంది, బ్రేకు ఇంకా ఆలస్యంగా పడుతుంది. కాయిల్ మీద మామూలు డయోడ్ పెట్టినా అదే జబ్బు. డీసీ వైపు తెరవాలి, వోల్టేజీ ఎగరకుండా వారిస్టర్ పెట్టాలి. కాంటాక్టర్ కాయిల్‌కి పెట్టే డయోడ్‌కీ ఇదే వర్తిస్తుంది, పడే సమయాన్ని కొన్ని రెట్లు పెంచేస్తుంది.

సరైన వరుస ఇది. ఎమర్జెన్సీ పడగానే డ్రైవ్ యాక్సిస్‌ని ఆపుతుంది. టార్కు ఇంకా పట్టి ఉండగానే, బ్రేకును వదిలించి ఉంచే రిలే తెరుచుకుంటుంది, బ్రేకు పట్టడం మొదలవుతుంది. బ్రేకు పూర్తిగా పట్టాకే ఎస్‌టీఓ. ఎంఆర్-జే4లో ఎంబీఆర్ అనే అవుట్‌పుట్ ఈ పనికోసమే ఉంది, ఎంతసేపు ఆగాలో పారామీటర్‌లో పెడతాం. దాంతో పాటు బ్రేకు సప్లైలో సేఫ్టీ రిలే కాంటాక్టు ఒకటి సిరీస్‌లో ఉండాలి. డ్రైవ్ అవుట్‌పుట్ అతుక్కుపోయి బ్రేకు వదిలే ఉంటే ఆ కాంటాక్టు కాపాడుతుంది.

కంట్రోలర్‌కి కూడా చెప్పాలి

ఫానక్ కంపెనీ కంట్రోలర్‌లో ఎక్స్8.4 అనే ఇన్‌పుట్ ఎమర్జెన్సీకి కేటాయించి ఉంటుంది, ముందు ఒక నక్షత్రం గుర్తుతో. అంటే సిగ్నల్ పోతేనే ఎమర్జెన్సీ. అదే సమయంలో వాళ్ల ఆల్ఫా ఐ డ్రైవుల పవర్ సప్లై మాడ్యూల్ మీద సీఎక్స్4కి ఇంకో కాంటాక్టు ఇవ్వాలి, మెయిన్ కాంటాక్టర్ కాయిల్ సీఎక్స్3 గుండా పోతుంది. రెండు చోట్లా చెప్పాలి. ఒకదానికి చెప్పి ఇంకోదానికి చెప్పకపోతే, కంట్రోలర్ ఇంకా కదలమని ఆజ్ఞ ఇస్తూనే ఉంటుంది, డ్రైవ్ వినదు, తేడా పేరుకుపోయి అలారం. లేదా దీనికి తలకిందులు.

అయితే ఎక్స్8.4 ఒక్కదానికే బటన్ కలిపి ఊరుకున్న మెషిన్లు, పీసీ మీద నడిచే కంట్రోలర్ పోర్టుకి ఒక వైరు పెట్టి ఊరుకున్న వుడ్ రౌటర్లు చాలానే ఉన్నాయి. అవి ఎమర్జెన్సీ స్టాప్‌లు కావు, విన్నపాలు. సాఫ్ట్‌వేర్‌కి మనసుంటే ఆపుతుంది. ఐఎస్‌ఓ 13850 ఎమర్జెన్సీకి కనీసం 'పర్ఫార్మెన్స్ లెవెల్ సి' అనే భద్రతా స్థాయి కావాలంటుంది. మామూలు ఇన్‌పుట్, మామూలు ప్రోగ్రాముతో అది రాదు.

రీసెట్ గురించి తక్కువే చెబుతాను. బటన్ తిప్పి వదిలాక, వేరే నీలం బటన్ నొక్కి వదిలితేనే రిలే పట్టుకోవాలి. నొక్కినప్పుడు కాదు, వదిలినప్పుడు. ఎవరైనా అందులో అగ్గిపుల్ల ఇరికిస్తే రిలే ఇక ఎత్తదు. ఏ టెర్మినళ్ల మధ్య వైరు పెడితే ఈ పద్ధతి వస్తుందో, ఏవి కలిపితే ఆటోమేటిక్ అయిపోతుందో మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి ఆ కాగితాన్ని పారేయకండి. కాంటాక్టర్లు ఉంటే వాటి ఎన్‌సీలు రెండూ ఈ రీసెట్ దారిలోనే సిరీస్‌లో రావాలి. డ్రైవ్ ఎస్‌టీఓ స్థితిని చెప్పే అవుట్‌పుట్ ఇస్తే అదీ ఇక్కడే. బయటి కాంటాక్టర్ అతుక్కుపోయినప్పుడు కాపలాదారు కన్ను అదే.

24 వోల్టుల సప్లై మైనస్‌ని ఎర్త్‌కి కలపడం చాలామంది మరచిపోతారు. కలపకపోతే, కూలెంట్‌లో నానిన వైరు రెండు చోట్ల బాడీకి తగిలినప్పుడు కరెంటు బటన్‌ని దాటి పక్కదారిన పోవచ్చు. కలిపి ఉంటే మొదటి తగులుడుకే ఫ్యూజు పోతుంది, మెషిన్ ఆగుతుంది.

పరీక్ష ఎలా చేస్తానో చెబుతాను. రిలే ఎక్కి ఉండగా ఎస్12 వైరు ఒక్కటి ఊడదీస్తాను. రిలే పడాలి. తిరిగి పెట్టి రీసెట్ నొక్కితే ఎక్కకూడదు, రెండు దారులూ ఒకసారి తెరుచుకుని మూసుకున్నాకే ఎక్కాలి. ఎస్22తో మళ్లీ అదే. తర్వాత కాంటాక్టర్ ఎన్‌సీ వైరు తీసి రీసెట్ ఒప్పుకుంటుందేమో చూస్తాను. ఆ తర్వాతే యాక్సిస్ నడుపుతూ బటన్ కొట్టడం, ముందు నెమ్మదిగా, చివర రాపిడ్‌లో. ప్రతి బటన్, పెండెంట్ మీదిది కూడా.

బాలానగర్ మెషిన్‌కి రిలే, ఎస్‌టీఓ వైర్లు, బ్రేకుకి డీసీ వైపు కాంటాక్టు, వారిస్టర్ అన్నీ అయ్యాక టేబుల్ మీద మాగ్నెట్ స్టాండు పెట్టి డయల్ ముల్లును స్పిండిల్ ముక్కుకి ఆనించాను. హెడ్డును పైకీ కిందికీ ఆడిస్తూ, ముక్కు డయల్‌కి ఆనిన చోట నిలిపి, కుర్రాణ్నే ఎమర్జెన్సీ కొట్టమన్నాను. బ్రేకు టక్కుమంది. ముల్లు రెండు గీతలు జరిగి నిలబడింది. ఇంకో పదిసార్లు కొట్టించాను, ప్రతిసారీ రెండు మూడు గీతలే.

ఓనర్ కాసేపు డయల్ వైపు చూశాడు. తర్వాత షెడ్డు చివర ఉన్న టర్నింగ్ సెంటర్ వైపు చెయ్యి చూపించి, "దానికీ ఒక్కటే కాంటాక్టర్ ఉన్నట్టుందన్నా" అన్నాడు.